సీసమా, టంగ్‌స్టనా, ముగ్గురాయా, ఇనుమా: బరువైన పదార్థాల్లో ఎక్కడ ఏది మేలు?

నీటి సాంద్రతను 1గా తీసుకుంటే మామూలు కాంక్రీటు సాపేక్ష సాంద్రత సుమారు 2.35, శుద్ధమైన ముగ్గురాయిది (బెరైటీస్ అనే బేరియం సల్ఫేట్ ఖనిజం) 4.5, ఇనుముది 7.87, సీసానిది 11.34, టంగ్‌స్టన్‌ది 19.25. ఈ వరుసను చూడగానే పైకి వెళ్లేకొద్దీ పదార్థం మేలైనదని, అందుకు తగ్గట్టే ధర పెరుగుతుందని అనుకోవడం సహజం. ఎక్స్‌రే గది కట్టించే వైద్యుడూ, చమురు బావి తవ్వే ఇంజనీరూ, వలకు గుండ్లు కట్టే మత్స్యకారుడూ ఈ వరుసలోంచే ఎంచుకుంటారు. అయినా ముగ్గురికీ ఒకే జవాబు సరిపోదు. ఎందుకంటే బరువు ఏ పదార్థంతోనైనా తెచ్చుకోవచ్చు, సాంద్రత ఎక్కువైనకొద్దీ తగ్గేది ఆ బరువు ఆక్రమించే చోటు. కాబట్టి మొదట తేల్చుకోవలసింది, మనం చేయబోయే పనిలో ఆ చోటుకు ఎంత విలువ ఉందన్నదే. ఆ తరువాతే విషగుణం, గట్టిదనం, తుప్పు, పనితనం, దొరకుబాటు లెక్కలోకి వస్తాయి.

గామా కిరణాలకు అడ్డు: గోడకు ఒక లెక్క, గోళానికి మరో లెక్క

కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాల తీవ్రతను సగానికి తగ్గించాలంటే కాంక్రీటు సుమారు 60.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఉక్కు అయితే 21.6, సీసం అయితే 12.5, టంగ్‌స్టన్ అయితే 7.9 మిల్లీమీటర్లు సరిపోతాయి. మందాలను మాత్రమే చూస్తే కాంక్రీటు కంటే టంగ్‌స్టన్ ఏడెనిమిది రెట్లు సమర్థమైనదిగా కనిపిస్తుంది. ఇవే మందాలను చదరపు మీటరుకు ఎన్ని కిలోలవుతాయో లెక్కగడితే కాంక్రీటు దాదాపు 142, ఉక్కు 170, సీసం 142, టంగ్‌స్టన్ 152 కిలోలు తూగుతాయి. అంటే అన్నీ దగ్గరదగ్గర ఒకే బరువు. ఒకటిన్నర మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు కాస్త తక్కువగా ఉండే ఈ శక్తి స్థాయిలో గామా కిరణాలను ఆపే పని ప్రధానంగా పదార్థంలోని ఎలక్ట్రాన్లది. కిలో పదార్థంలో ఉండే ఎలక్ట్రాన్ల సంఖ్య అది సీసమైనా సిమెంటైనా పెద్దగా మారదు.

ఈ కారణంగానే కోబాల్ట్ యంత్రంతో క్యాన్సర్ చికిత్స చేసే గదులకు మీటరు దాటిన మందంతో కాంక్రీటు గోడలు కడతారు. స్థలం ఉన్నచోట అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. కాంక్రీటు తన బరువును తానే మోస్తుంది, అగ్నికి జడవదు, దాన్ని దొంగిలించాలని ఎవరికీ అనిపించదు. పాత ఆసుపత్రి భవనంలో గది ఇరుకై, గోడను మందం చేసే వీలు లేనప్పుడు ముగ్గురాయి కంకర కలిపిన కాంక్రీటును ఆశ్రయించవచ్చు. దాని సాపేక్ష సాంద్రత 3.2 నుంచి 3.6 వరకు ఉంటుంది కాబట్టి మందం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. అయితే కలిపేటప్పుడు, పోసేటప్పుడు బరువైన కంకర అడుక్కు దిగి సిమెంటు పాలు పైకి తేలే ప్రమాదం మామూలు కాంక్రీటులో కంటే ఎక్కువ. అలా దిగిపోతే గోడ పైభాగం కాగితం మీద ఉన్నంత రక్షణ ఇవ్వదు. సెంట్రింగు మీద పడే ఒత్తిడి కూడా సాంద్రతతో పాటే పెరుగుతుందని మేస్త్రీకి ముందే చెప్పాలి.

గోడను విడిచి కిరణాలు వెలువరించే ఒక చిన్న మూలాన్ని చుట్టూ కప్పే కవచం దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారుతుంది. పైపులైను అతుకులను పరీక్షించడానికి ఇరిడియం-192 మూలాన్ని చేత్తో మోసుకెళ్లే పెట్టెలో ఉంచుతారు. ఇక్కడ కవచం దాదాపు గోళాకారం. గోళం ఘనపరిమాణం వ్యాసార్ధపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి మందం సగమైతే ఘనపరిమాణం సుమారు ఎనిమిదో వంతు అవుతుంది. పదార్థం రెండింతలు సాంద్రమైనదైనా మొత్తం బరువు నాలుగో వంతుకు దిగుతుంది. గోడలో దక్కని బరువు ఆదా ఇక్కడ దక్కుతుంది. ఇరిడియం కిరణాలను సగానికి తగ్గించడానికి సీసం 4.8 మిల్లీమీటర్లు కావాలి. టంగ్‌స్టన్ 3.3, యురేనియం-235 చాలావరకు తీసేసిన యురేనియం 2.8 మిల్లీమీటర్లు చాలు. ఈ పెట్టెల్లో చాలావాటికి ఆ యురేనియాన్నే కవచంగా వాడడం వెనుక ఉన్నది ఈ లెక్కే. మనిషి మోయవలసిన వస్తువులో ఖరీదైన సాంద్రతకు పెట్టిన డబ్బు వృథా కాదు.

అణు వైద్య విభాగాల్లో సిరంజికి తొడిగే కవచానికీ, లీనియర్ యాక్సిలరేటరులో కిరణపుంజాన్ని కణితి ఆకారానికి మలిచే సన్నని పలకల వరుసకూ టంగ్‌స్టన్ మిశ్రమలోహమే మేలు. ఆ పలకలు ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుతో, ఒకదాని పక్కన ఒకటి రాసుకుంటూ, రోజంతా ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటాయి. మెత్తని సీసం ఆ పనిలో కొద్దికాలంలోనే అరిగి వంగిపోతుంది.

టంగ్‌స్టన్‌తో వచ్చే చిక్కులు కూడా చిన్నవి కావు. అది 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి సీసంలా కరిగించి అచ్చు పోయడం కుదరదు. పొడిని నికెల్, ఇనుము పొడులతో కలిపి అదిమి, కొలిమిలో కాల్చి గట్టి ముద్దగా చేయాలి. అలా తయారైన మిశ్రమలోహం సాపేక్ష సాంద్రత 17 నుంచి 18.5 వరకే ఉంటుంది, ఆపైన కోత, చెక్కుడు ఖర్చు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల ఈ రకం మిశ్రమలోహాల మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. కానీ ముడిపదార్థం విషయంలో మన దేశం పరాధీనమే. రాజస్థాన్‌లోని డేగానాలో ఒకప్పుడు నడిచిన టంగ్‌స్టన్ గని మూతపడింది. ప్రపంచ ఉత్పత్తిలో అత్యధిక భాగం చైనాది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టంగ్‌స్టన్ ఎగుమతుల మీద నియంత్రణలు విధించింది. ఒక పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు పదేళ్ల తరువాత అది ఎక్కడినుంచి వస్తుందన్నది కూడా సాంద్రతంత ముఖ్యమైన అంశమే.

ప్రసంగవశాత్తూ బంగారం కొనేవారికి ఒక మాట. బంగారం సాపేక్ష సాంద్రత 19.3, టంగ్‌స్టన్‌ది 19.25. బంగారు కడ్డీ లోపల టంగ్‌స్టన్ దాస్తే గాలిలో తూచి, నీటిలో తూచి చేసే పరీక్ష ఆ తేడాను దాదాపు పట్టుకోలేదు. శబ్ద తరంగాల వేగాన్నో, విద్యుద్వాహకతనో కొలిచే పరికరాలతోనే ఆ మోసం బయటపడుతుంది.

ఎక్స్‌రే గది: సీసపు రేకు, ముగ్గురాయి పూత, ఇటుక గోడ

రోగనిర్ధారణకు వాడే ఎక్స్‌రేల శక్తి కోబాల్ట్ కిరణాల శక్తిలో పదో వంతు కూడా ఉండదు. ఆ స్థాయిలో సాంద్రత కంటే పరమాణు సంఖ్య పెత్తనం ఎక్కువ. ఇటుకలోని సిలికాన్ పరమాణు సంఖ్య 14, ముగ్గురాయిలోని బేరియంది 56, సీసానిది 82. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఈ తక్కువ శక్తి కిరణాలను మింగే గుణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 2001 నాటి భద్రతా నియమావళిలో నేరుగా కిరణపుంజం పడే గోడ 35 సెంటీమీటర్ల ఇటుక మందానికీ, చెదిరిన కిరణాలు పడే గోడలు 23 సెంటీమీటర్ల మందానికీ తగ్గకూడదని చెప్పింది. తలుపులకు, కిటికీలకు 23 సెంటీమీటర్ల ఇటుక గానీ 1.7 మిల్లీమీటర్ల సీసం గానీ ఇచ్చేంత రక్షణ ఉండాలంది. ఆ రెండింటినీ తూచి చూస్తే, ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 370 నుంచి 400 కిలోలు తూగితే, సీసపు రేకు కేవలం 19 కిలోలు తూగుతుంది. గామా కిరణాల దగ్గర సమానంగా నిలిచిన బరువులు ఇక్కడ ఇరవై రెట్ల తేడాతో విడిపోయాయి.

అయినంత మాత్రాన సీసమే మేలని చెప్పలేను. నేలమీద కొత్తగా కట్టే గదికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడను మించిన మంచి ఎంపిక నాకు కనిపించదు. కిరణపుంజం పడే వైపు మాత్రం నియమావళి చెప్పినట్టు మందం పెంచుకోవాలి. అది ఎలాగూ కట్టవలసిన గోడే. దానికి ప్రత్యేకమైన పనివాడు అక్కరలేదు, ఇరవై ఏళ్ల తరువాత కూడా దాని మందం తగ్గదు. చిక్కల్లా మేస్త్రీ ఇటుకల మధ్య సున్నం సరిగా నింపకుండా వదిలేసే సందులతోనూ, విద్యుత్ పెట్టెల కోసం గోడలో తవ్వే గూళ్లతోనూ వస్తుంది. ఆ గూడు వెనుక మిగిలిన ఇటుక మందమే అక్కడి రక్షణ. ఆ లోటును లోపలినుంచి సీసపు రేకుతో పూడ్చాలి.

అద్దె భవనంలో మొదటి అంతస్తులో గది పెట్టవలసివస్తే ఆలోచన మారాలి. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తున్న ఒక్క గోడను తొమ్మిది అంగుళాల ఇటుకతో కడితే దూలం మీద నాలుగున్నర టన్నులకు తక్కువ కాకుండా బరువు పడుతుంది. అదే గోడకు 1.7 మిల్లీమీటర్ల సీసపు రేకు 230 కిలోలతో ముగుస్తుంది. అలాంటి చోట సీసం న్యాయమైన ఎంపిక. కానీ సీసం మెత్తనిది, నిలువుగా వేలాడదీసిన రేకు తన బరువుకు తానే మెల్లమెల్లగా కిందికి సాగుతుంది. సరైన ఆధారం లేకుండా మేకులతో బిగిస్తే కొన్నేళ్లకు పైన సందు తెరుచుకుంటుంది. అందుకే దాన్ని ప్లైవుడ్ పలకకు అతికించి తెచ్చి, అతుకుల దగ్గర ఒకదానిపై ఒకటి పడేలా అమర్చి, మేకు గుచ్చిన ప్రతి చోటా సీసపు బిళ్ళతో కప్పాలి. తలుపు విషయంలో సీసానికి పోటీ లేదు. అక్కడ కూడా తొమ్మిది వందల మిల్లీమీటర్ల వెడల్పు తలుపుకు సీసమొక్కటే 36 కిలోల దాకా అదనపు బరువు తెస్తుంది కాబట్టి, మామూలు బందులు వేస్తే తలుపు కుంగి నేలకు రాసుకుంటుంది, పైన గడపకూ తలుపుకూ మధ్య కిరణాలు దూరే సందు ఏర్పడుతుంది.

ఇప్పటికే ఉన్న నాలుగున్నర అంగుళాల గోడకు బలం చేర్చాలంటే ముగ్గురాయి పూత మంచిది. ముగ్గురాయి పొడి, ఇసుక స్థానంలో ముగ్గురాయి రవ్వ, సిమెంటు కలిపి పలు పొరలుగా పూస్తారు. బేరియం సల్ఫేట్ నీటిలో కరగదు కనుక విషం కాదు, జీర్ణాశయం ఎక్స్‌రే తీసే ముందు రోగుల చేత తాగించేది కూడా దాన్నే. ఎలుకల మందుగా వాడిన బేరియం కార్బొనేట్‌తో దాన్ని పొరబడకూడదు. కూలగొట్టినప్పుడు సీసంలా విషపు ధూళి లేవదు, కిలో ధరలోనూ సీసానికి చాలా కింద ఉంటుంది. దాని బలహీనత అంతా పనివాడి చేతిలో ఉంది. తడి పూత బరువుకు జారుతుంది, ఒకేసారి మందంగా పూస్తే ఎండేటప్పుడు బీటలు వారుతుంది, ఒకచోట రెండు సెంటీమీటర్లు మరోచోట ఒకటే వచ్చినా కంటికి తెలియదు. కాబట్టి పూత పూర్తయ్యాక యంత్రం నడిపించి, గోడ అవతల కొలమానంతో అడుగడుగునా కొలిపించకుండా డబ్బు చెల్లించవద్దని గట్టిగా చెబుతాను.

చమురు బావి మడ్‌కు బరువు: ముగ్గురాయి, హెమటైట్, సున్నపురాయి

ప్రపంచంలో వెలికితీసే ముగ్గురాయిలో అత్యధిక భాగం ఆసుపత్రులకు పోదు, చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు లోపల తిప్పే మడ్ అనే చిక్కటి ద్రవంలోకి పోతుంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉంది. దాన్ని ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతోంది. అక్కడ రాయి వెల నిర్ణయమయ్యేది ప్రధానంగా దాని సాపేక్ష సాంద్రతతోనే. 4.20 దాటితే మేలిరకం, తగ్గేకొద్దీ గ్రేడు దిగుతుంది.

మూడు వేల మీటర్ల లోతు బావిలో మంచినీటి స్తంభం అడుగున సుమారు 294 బార్ల పీడనాన్ని కలిగిస్తుంది. అక్కడి రాతిపొరలోని గ్యాస్ పీడనం అంతకంటే ఎక్కువైతే నీరు దాన్ని ఆపలేదు. మడ్ సాపేక్ష సాంద్రతను 1.8కి పెంచితే అదే లోతులో పీడనం 530 బార్లకు చేరుతుంది. అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత ఉన్న పొరలు కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్నాయి కనుక ఇది మనకు దూరపు సంగతి కాదు. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న మొదలైన బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి ఎగదన్నిన గ్యాస్, రెండు నెలలకు పైగా మండింది. బావి ఒకసారి అదుపు తప్పితే దాని మూల్యం ఎంతో ఆ ప్రాంతపు పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

నీటిని 1.8 సాంద్రతకు తేవాలంటే ఏ పదార్థం ఎంత కావాలి? ఘనమీటరు మడ్‌లో 4.2 సాంద్రత గల ముగ్గురాయి పొడి 25 శాతం చోటు ఆక్రమిస్తుంది, సుమారు 1.05 టన్నులు తూగుతుంది. 5.05 సాంద్రత గల హెమటైట్, అంటే ఇనుప ఖనిజపు పొడి, దాదాపు 20 శాతం చోటుతో ఒక టన్నుకు సరిపెడుతుంది. 2.7 సాంద్రత గల సున్నపురాయి పొడి మాత్రం 47 శాతం చోటును కోరుతుంది. సగం పొడి, సగం నీరు ఉన్న ముద్దను పంపుతో తోయడం కష్టం. మళ్ళీ ఇక్కడా బరువుల్లో తేడా కొద్దిపాటిదే, అసలు తేడా చోటులో ఉంది. మడ్‌లో పొడి ఆక్రమించే చోటు తగ్గేకొద్దీ అది పలచగా పారుతుంది, పంపు మీద ఒత్తిడి తగ్గుతుంది, తవ్వే మొన అయిన బిట్టు రాతిని త్వరగా కోస్తుంది.

ఆ ఒక్క లెక్కతో తేల్చాలంటే హెమటైట్ గెలవాలి, కానీ ఆచరణలో ముగ్గురాయే నిలిచింది. దాని గట్టిదనం మోస్ కొలమానంలో 3 నుంచి 3.5, హెమటైట్‌ది 5.5 నుంచి 6.5. రోజుల తరబడి అధిక వేగంతో తిరిగే మడ్‌లో గట్టి రేణువులు పంపు భాగాలనూ, గొట్టాల వంపులనూ, బిట్టునూ అరగదీస్తాయి. పైగా హెమటైట్‌లోని అయస్కాంత గుణం బావి దిశను కొలిచే పరికరాలను తప్పుదారి పట్టించవచ్చు. వాలుగా తవ్వే బావుల్లో అది చిన్న విషయం కాదు. హెమటైట్‌కు ఉన్న ఒక మంచి గుణాన్ని కూడా మరవకూడదు: అది ఆమ్లంలో కరుగుతుంది. ముగ్గురాయి ఆమ్లానికి లొంగదు కాబట్టి చమురు ఉన్న పొర రంధ్రాల్లో ఇరుక్కుంటే తీయడం చాలా కష్టం. అందుచేత బరువు పెద్దగా అవసరం లేని బావుల్లో, చమురు పొరను తాకే చివరి దశలో సున్నపురాయి పొడిని ఎంచుకుంటారు. దాన్ని తరువాత ఆమ్లంతో కడిగేయవచ్చు. 4.8 సాంద్రత గల మాంగనీస్ టెట్రాక్సైడ్ సన్నని గుండ్రటి రేణువులతో, ఆమ్లంలో కరిగే గుణంతో రెండింటి మేలునూ కలుపుతుంది గానీ దాని ధర సాధారణ బావులకు అందదు.

ముగ్గురాయికి మరో చిక్కు ఉంది. వాలు బావుల్లో మడ్ కదలకుండా ఆగినప్పుడు బరువైన రేణువులు గొట్టం కింది వైపుకు దిగి పేరుకుంటాయి. పైన మడ్ తేలికై, కింద బరువెక్కి, బావి మొత్తం మీద లెక్క తప్పుతుంది. పొడిని మరీ ముతకగా విసిరితే ఇది పెరుగుతుంది, మరీ సన్నగా విసిరితే మడ్ చిక్కబడుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం 75 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది 3 శాతం దాటకూడదనడానికీ, మరీ సన్నని రేణువుల వాటాకూ హద్దు పెట్టడానికీ కారణం ఇదే.

అదే సంస్థ 2010లో 4.20 రకంతో పాటు 4.10 సాంద్రత రకాన్నీ ప్రమాణంలో చేర్చింది. మేలిరకం రాయి తగ్గిపోతుండటమే అందుకు నేపథ్యం. 4.10 రకంతో పైన చెప్పిన 1.8 మడ్ తయారుచేస్తే పొడి ఆక్రమించే చోటు 25 శాతం నుంచి 25.8 శాతానికి మాత్రమే పెరుగుతుంది. లోతు తక్కువ, పీడనం తక్కువ ఉన్న బావికి 4.20 రాయే కావాలని పట్టుబట్టడం నా దృష్టిలో వృథా. మంగంపేటలో తవ్విన ప్రతి టన్నూ తిరిగి పుట్టేది కాదు కాబట్టి, మేలైన రాయిని లోతైన, ప్రమాదకరమైన బావులకు దాచిపెట్టడమే వివేకం. ఆ రాయిని పొడిచేసే మిల్లుల్లో పనిచేసేవారి ఊపిరితిత్తుల సంగతి కూడా ధరలో భాగం కావాలి. శుద్ధమైన ముగ్గురాయి ధూళి కంటే, దానితో కలిసివచ్చే సిలికా ధూళి ఎంతో ప్రమాదకరం. నీళ్లు చల్లడం, ధూళిని పీల్చే యంత్రాలు పెట్టడం దయతో చేసే పనులు కావు, అవి ఉత్పత్తి ఖర్చులో ఉండవలసినవి.

సీసం పోగుపడిన చోట

సీసానికీ, టంగ్‌స్టన్‌కూ ఉన్న ఒక కష్టం ముగ్గురాయికి లేదు. వాటికి పాత సామాన్ల బజారులో మంచి ధర ఉంది. 2010లో ఢిల్లీలోని మాయాపురిలో పాత సామాన్లకింద అమ్ముడైన పరికరాన్ని విప్పినప్పుడు లోపలి కోబాల్ట్-60 బయటపడి ఒకరు ప్రాణం కోల్పోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. సీసపు కవచం ఉన్న ఏ పరికరమైనా వాడకం ముగిసిన రోజున ఎవరికి అప్పగించాలో కొన్న రోజునే కాగితం మీద రాసి ఉండాలి.

వల గుండ్లు: సీసం, ఇనుము, రాయి, కాల్చిన మట్టి

నీటిలో మునిగిన వస్తువు తన పరిమాణమంత నీటి బరువును పోగొట్టుకుంటుంది. గాలిలో కిలో తూగే సీసం నీటిలో 910 గ్రాములు తూగితే ఇనుము 870, నల్లరాయి సుమారు 620, కాల్చిన మట్టి 500 గ్రాములు తూగుతాయి. నీటిలో కిలో బరువు రావాలంటే సీసం 97 ఘన సెంటీమీటర్లు, ఇనుము 146, రాయి 600 పైచిలుకు, మట్టి దాదాపు 1,000 ఘన సెంటీమీటర్లు కావాలి. రాయి, మట్టి వల్ల వల లావై, నీటిలో మెల్లగా దిగుతుంది. అలల్లో కదలకుండా ఒకేచోట నిలవవలసిన వలకు అది పెద్ద లోపం కాదు. విసురు వల మాత్రం చేప తప్పించుకునేలోగా అడుగుకు చేరాలి కనుక అక్కడ లోహమే కావాలి.

సీసానికీ ఇనుముకూ మధ్య తేడా నీటిలో అయిదు శాతం లోపే. సీసం తుప్పు పట్టదు, ఇంటి పొయ్యి మీదనే 327 డిగ్రీల దగ్గర కరిగి కోరిన ఆకారానికి వస్తుంది. ఆ సౌకర్యమే దానిలోని ప్రమాదం కూడా. కరిగించిన చోట మిగిలే సన్నని ధూళి చేతులకూ బట్టలకూ అంటి పిల్లల కడుపులోకి చేరుతుంది, ఎదిగే మెదడుకు సీసం వల్ల కలిగే నష్టం తిరిగి పూడదు. బ్రిటన్ 1987లోనే గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లలో అత్యధిక పరిమాణాలను నిషేధించింది. వాటిని మింగిన హంసలు చనిపోతుండటం అందుకు కారణం. ఉప్పునీటిలో ఇనుము తుప్పు పడుతుంది, మూడునాలుగు ఏళ్లకొకసారి మార్చుకోవలసి రావచ్చు. అయినా జింకు పూత పూసిన సన్నని ఇనుప గొలుసును వల అంచుకు కుట్టుకోవడమే మేలని నేను చెబుతాను. సీసమే వాడక తప్పని చోట పోత పోసిన గుండ్లను కొనుక్కోవాలి తప్ప, ఇంటి వంటపొయ్యి మీద వంటపాత్రలో సీసాన్ని ఎన్నడూ కరిగించకూడదు.